మంచిగుంది, తినుండ్రి

సంగీతక్క ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగింది. "మంచిగుంది, తినుండ్రి" అన్నది. మేమంతా తిన్నాం. ఆ మధ్యాహ్నమే మాతో చదివే చాంద్రి నల్లా దగ్గర వాంతి చేసుకుని కూలిపోయింది.

మా హాస్టల్ ఎరగనివాళ్ళకు ముందు ఈ ముద్ద సంగతి చెప్పాలి. బాన్సువాడలో విశ్వవిద్యాలయం వాళ్ళ ఆడపిల్లల హాస్టల్ మాది. పీజీ చదివే అక్కల్లో కొందరిని ఏరి, మెంటర్లని పేరు పెట్టి, డిగ్రీ పిల్లలమైన మా మీద పెట్టారు. వాళ్ళకు గది ఉచితం, తిండి ఉచితం. మాకు జ్వరమొస్తే మాత్ర ఇవ్వాలి, ఇంటి మీద బెంగపెట్టుకున్న పిల్లను పక్కన పడుకోబెట్టుకోవాలి. ఇంతవరకు బాగానే ఉంది. వార్డెన్ మేడం దీనికి ఇంకో పని తగిలించింది. ప్రతిపూటా ఒక మెంటరు అందరి ముందూ నిలబడి మొదటి ముద్ద తిని, బాగుందని చెప్పాలి. అది ఫోటో తీసి పైవాళ్ళకు పంపుతారు. పైవాళ్ళ కడుపు నిండుతుంది.

బాగాలేదని ఎవరూ అనలేదా అంటే, అన్నారు. ఒకసారి ఇంకో మెంటరు నీలక్క, అన్నంలో పురుగులున్నాయన్నది. "గది ఖాళీ చేస్తవా?" అని అడిగింది మేడం. నీలక్క అన్నం తిన్నది.

సంగీతక్కది జుక్కల్ వైపు తండా. ఎమ్మే చదువుతోంది. ఆ గది పోతే ఊళ్ళో కిరాయికి ఉండే తాహతు లేదు, చదువు మూటగట్టుకుని తండాకు పోవలసిందే. అందుకే ఆమె వంతు వచ్చినప్పుడల్లా మంచిగుందనేది. ముఖంలో ఏమీ ఉండేది కాదు.

ఆరోజు పప్పు ముందురోజు మిగిలినదే. వద్దని వంట చేసే కనకవ్వ మెస్ కాంట్రాక్టరు రవీందర్‌కు చెప్పిందట. "నీళ్ళు పోసి మసలబెట్టు. నీకెందుకు ఫికర్?" అన్నాడట. చాంద్రికి ఆకలి ఎక్కువ. రెండోసారి పప్పు అడిగేది ఎప్పుడూ అదే. దాన్ని ఆటపట్టించేవాళ్ళం కూడా. ఆరోజూ రెండోసారి వేయించుకుంది.

ఆటోల్లో దవాఖానకు మోశాం. వాంతులతో ఇంకా చాలామంది పడ్డారు గానీ చాంద్రికి తెలివే రాలేదు. వాళ్ళ నాయిన భిక్యా పత్తి చేనులోంచి అట్లాగే వచ్చాడు. అంగీకి ఇంకా దూది అంటుకుని ఉంది. దవాఖాన వరండాలో రవీందర్ ఎదురు పడితే గట్టిగా నిలదీశాడు. రవీందర్ చల్లగా జవాబిచ్చాడు.

"నన్నడుగుతవేంది? మీ తండోళ్ళ పిల్లనే తిని మంచిగుంది అన్నది. గామెనడుగు."

భిక్యా మా పక్కనే నిలబడ్డ సంగీతక్క వైపు తిరిగాడు. "పులిసింది తెల్వలేదా బేటీ?"

"తెల్వలేదు కాకా. చాన దినాలసంది నాకు రుచే తెలుస్తలేదు. కారం తెల్వదు, పులుపు తెల్వదు. నోట్ల పెట్టుకుంట, మింగుత, మంచిగుంది అంట."

"నీ గది కోసమా?"

"గది కోసమే."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని మాకు అనిపించింది.

చాంద్రిని అంబులెన్సులో నిజామాబాద్ తీసుకుపోతుంటే దారిలో వర్ని దాటకముందే ప్రాణం పోయింది. కబురు వచ్చినప్పుడు మేం బట్టలు మడత పెట్టుకుంటున్నాం. వినీ మడత పెట్టుకుంటూనే ఉన్నాం. ఎవరికీ ఏడుపు రాలేదు. నాకు నా మీదే భయం వేసింది.

మట్టి చేసి వచ్చిన మర్నాడు సాయంత్రం అందరం మిద్దె మీద కూడాం. మెంటర్లు ఒక పక్క, మేము ఒక పక్క కూర్చున్నాం. అట్లా కూర్చోమని మాకెవరూ చెప్పలేదు. ముందుగా చాంద్రి గదిలో ఉండే సోని లేచింది.

"మీ నోళ్ళు కిరాయికిచ్చిండ్రక్కా. గా కిరాయితోని గదులల్ల పంటుండ్రు."

నీలక్కకు కోపం వచ్చింది. "నువ్వు పీజీకొస్తే తెలుస్తది. మా అవ్వ బీడీలు చుట్టి నన్ను ఈడికి పంపింది. గది పోతే నేనేడికి పోవాలె?"

"మా అవ్వ కైకిలి కూలికి పోతది. అయితే ఏంది? చాంద్రి ఏడికి పోయింది?"

ఎవరో అన్నారు, ఈ మెంటర్లను తీసేసి మంచివాళ్ళను పెట్టమని అడుగుదామని. సంగీతక్క మొదటిసారి నోరు విప్పింది.

"ఎవ్వలొచ్చినా గా ముద్దనే తింటరు. గరీబోళ్ళ పిల్లలనే మెంటర్లను చేస్తరు. గది ఆశ పెడతరు. మీకు కోపమొస్తే మా మీద పడుతరు, రవీందరెమ్మటి పడరు. రవీందర్ మంచిగున్నడు, మేడం మంచిగుంది. కొట్లాడేది మనం మనం."

సోని ఊరుకోలేదు. "గీ మాట గిప్పుడు ఎరుకైందా నీకు?"

"గిప్పుడే ఎరుకైంది. రేపు వంతు నాదే. నేను చెప్ప."

"చెప్పకుంటే నిన్ను ఎల్లగొట్టి నీలక్కను నిలవెడతరు."

అందరం నీలక్క వైపు చూశాం. ఆమె లేచి వచ్చి సోని పక్కన కూర్చుంది. మిగతా మెంటర్లూ ఒక్కొక్కరే లేచి మా మధ్యకు వచ్చారు. రవీందర్ ఇక్కడ కూర్చుని తిన్నాకే మనం తినాలి అన్నది మాట. చేతులన్నీ లేచాయి.

మర్నాడు మధ్యాహ్నం రవీందర్ స్వయంగా వచ్చాడు. చావు జరిగిన హాస్టల్ కదా, మంచి ఫోటో కావాలి. మేడం ఫోను పట్టుకుని నిలబడింది. సంగీతక్క అన్నంలో పప్పు కలిపింది. ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆపింది. తిరిగి పళ్ళెంలో వేసింది.

"నేను చెప్ప," అన్నది.

"నీలా, నువ్వు రా," అన్నది మేడం. నీలక్క కదలలేదు. ఎవరూ కదలలేదు. సంగీతక్క పళ్ళెం పట్టుకుని రవీందర్ దగ్గరికి నడిచింది.

"నువ్వు తిను సారూ. నువ్వు తిన్నంక మేమంత తింటం."

"నేను తినొచ్చిన."

లోపలి నుంచి కనకవ్వ కేకేసింది. "పొద్దుగాల్నే వండిన సారూ, ఇయ్యాల్టిది తాజాదే! ఒక్క ముద్ద తినుండ్రి!"

రవీందర్ పళ్ళెం వైపు చూశాడు. ఆ పప్పు ఎక్కడిదో, ఆ బియ్యం ఏ గోదాము అడుగు నుంచి ఊడ్చి తెచ్చినవో వాడికి తెలుసు. తాజాగా వండినా వాడి సరుకు మీద వాడికే నమ్మకం లేదు. చెయ్యి జేబులోంచి తియ్యలేదు. "తిను!" అని అరిచింది సోని. "తిను! తిను!" అని హాలంతా అరిచాం. వాడు బయటికి పోయి ఫోను చేసుకున్నాడు.

కాసేపటికే పోలీసు జీపు వచ్చింది. చెడిపోయిన తిండిని మంచిదని చెప్పి ఒక పిల్ల చావుకు కారణమైందని సంగీతక్క మీద కేసు. ఆమె చెప్పులేసుకుని జీపెక్కింది. జీపు గేటు దాటీ దాటకముందే మేడం మా వైపు తిరిగింది. "మెంటరుగ ఎవ్వలుంటరు? గది ఇయ్యాల్నే ఇస్త."

మా పక్కనే ఫస్టియర్ పిల్లలున్నారు, గదికి ఆరుగురు చొప్పున పడుకునేవాళ్ళు. ఒక్కరూ తల ఎత్తలేదు. నీలక్క మాత్రం లేచి, పప్పు గిన్నె దగ్గరికి పోయి దాని చెవి పట్టుకుంది.

"పట్టుండ్రి. ఠాణాకు పోదాం."

"కాలుతది బిడ్డా, బట్ట పెట్టి పట్టుండ్రి," అని కనకవ్వ కొంగు చింపి ఇచ్చింది. తనూ అన్నం గిన్నె ఎత్తించుకుంది.

బాన్సువాడ రోడ్డు మీద మేము గిన్నెలు మోసుకుంటూ నడిచాం. నినాదాలు కూడా ఇవ్వలేదు. దుకాణాల వాళ్ళు బయటికి వచ్చారు. బీడీల చాటలు పక్కన పెట్టి ఆడవాళ్ళు వచ్చారు. ఏమైంది బిడ్డా అని అడిగిన ప్రతివాళ్ళకూ చెప్పాం. విన్నవాళ్ళు మా వెనక పడ్డారు.

ఠాణాలో భిక్యా అప్పటికే ఉన్నాడు. చాంద్రి చావుకు సంగీతే కారణమని చెప్పించుకోవడానికి పిలిపించారు. నీలక్క గిన్నె తెచ్చి ఎస్సై బల్ల మీద పెట్టింది.

"సార్, రవీందర్ మాకు పెట్టే తిండి ఇది. ఆయన్ని తినుమన్నం, తినలేదు. మీరు తిని మంచిగుందనుండ్రి. మేం సంగీతక్కను ఈడనే ఒదిలి పోతం."

ఎస్సై కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఏయ్, బయటికి తియ్యుండ్రి దీన్ని. భిక్యా, నువ్వు చెప్పు. నీ బిడ్డను చంపింది ఎవ్వలు?"

భిక్యా గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కటకటాల వెనక ఉన్న సంగీతక్కను చూశాడు.

"గీ బేటీకి నోరు సచ్చిపోయింది సారూ. నా బిడ్డకు పానమే పోయింది. ఇద్దరికీ పెట్టినోడు రవీందరే. ఆయన్ని తీస్కరా. నా ముంగట గిది తినమను. అందాక నేను ఈడికెల్లి లేవ."

గిన్నె పక్కనే నేల మీద కూర్చున్నాడు. నీలక్క కూర్చుంది. సోని కూర్చుంది. లోపల పట్టనివాళ్ళం మెట్ల మీద, మెట్ల మీద పట్టనివాళ్ళం రోడ్డు మీద కూర్చున్నాం. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే జరిగి, బస్టాండు వైపు నుంచి వస్తున్నవాళ్ళకు జాగా ఇచ్చాను.