ఇనపకాళ్ళ బెంచీ

అమ్మ సమాధి దగ్గర ఒక పూట కూర్చుందామని దేశం ఉత్తర కొసన ఉన్న మంచు గనుల నుంచి మూడు రోజులు రైల్లో పడి వచ్చాడు వదీమ్. తీరా వస్తే కూర్చోవడానికి బెంచీ లేదు. అది ఉండాల్సిన చోట మట్టిలో నాలుగు గుంటలున్నాయి.

ఈస్టర్ దాటిన మరుసటి వారం, మంగళవారం, పోయినవాళ్ళ పండగ. రంగు గుడ్లు, తీపిరొట్టె, వోద్కా సీసా సంచిలో వేసుకుని ఊరు ఊరంతా శ్మశానానికి వస్తుంది. తమవాళ్ళ పక్కన కూర్చుని తింటుంది, వాళ్ళకీ ఇంత పెడుతుంది. పాత మంచం కాళ్ళు కోసి, పైన చెక్క బిగించి వదీమ్ నాన్న ఆ బెంచీ చేశాడు. ఇప్పుడు ఆయనా అమ్మ సమాధి చుట్టూ ఉన్న కంచెలోనే పడుకున్నాడు.

తైసియా పిన్ని గడ్డి మీద ప్లాస్టిక్ సంచి పరుచుకుని గుడ్డు ఒలుస్తోంది.

“బెంచీ ఏది పిన్నీ?”

“శ్మశానం ఏదో కొత్త కంపెనీ చేతికెళ్ళిందిరా. బెంచీలు అందంగా లేవంట, పీకేశారు. కూర్చో, నేల పొడిగానే ఉంది.”

“పీకేస్తుంటే మీరేం చేశారు?”

“ఏం చేస్తాం? చూశాం.”

వదీమ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎటు చూసినా ముసలివాళ్ళే, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ నేల మీద చతికిలబడుతున్నారు. ఒక్కరి ముఖంలోనూ కోపం లేదు. రైల్లోనూ ఇదే తంతు. ఒకప్పుడు పెట్టెలోకి ఎక్కీ ఎక్కగానే చేతిలో కోడిముక్క పెట్టి, నీదే ఊరు నాయనా అని అడిగేవాళ్ళు. ఇప్పుడు ఎవడి ఫోను వాడిది, ఎవడి నూడుల్సు వాడివి. దారిలో రైలు పూటంతా ఆగిపోతే మాత్రం అందరూ కలిసికట్టుగా భుజాలెగరేశారు. పంచుకు తినడం పోయింది కానీ ఈ పాడు భుజాలెగరెయ్యడం పోలేదు! తన జనం మీద అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు వదీమ్‌కి.

విసవిసా ఆఫీసు వెనక షెడ్డుకి వెళ్ళాడు. బెంచీలన్నీ కట్టెల్లా కుప్పపోసి ఉన్నాయి. కాపలావాడు లేడు. ఇనపకాళ్ళ బెంచీ అడుగున దొరికింది. లాగి భుజానికెత్తుకుని తెచ్చి, పాత గుంటల్లోనే దింపాడు.

“కూర్చో పిన్నీ.”

ఆమె ముఖం పాలిపోయింది. “వెనక్కి పెట్టెయ్యరా వదీమ్.”

“నువ్వూ వాళ్ళలాగే...”

“నోరు ముయ్యి! రేపు నువ్వు రైలెక్కి పోతావు. మా అక్క పక్కన మిగిలిన ఈ జానెడు చోటు నాది. దానికి సంతకం పెట్టాల్సింది ఆ కంపెనీవాళ్ళే. వాళ్ళకి మండిందంటే నన్ను ఊరవతల కొత్త శ్మశానంలో పారేస్తారు. నీ కోపానికి నేను అక్కడ ఒంటరిగా పడుండాలా?”

 తిరిగి తీసుకెళ్ళేలోపు పిన్ని బెంచీ మీద కాసేపు కూర్చుంది. సమాధి మీదున్న అక్క ఫొటో తుడిచింది. పోయినవాళ్ళ పేరు మీద తాగేటప్పుడు తాకించకూడదు కనక, ఇద్దరూ గ్లాసులు తాకించకుండా తాగారు. తర్వాత అతను పళ్ళు కొరుకుతూ బెంచీ ఎత్తాడు.

రెండు కంచెలు దాటేసరికి ఒక ముసలమ్మ చొక్కా పట్టుకుంది. “ఎలాగూ వెనక్కే కదా బాబూ. మా ఆయన దగ్గర ఒక్క నిమిషం దించు.”

దించాడు. ఆమె హమ్మయ్య అని కూర్చుని, అతని చేతిలో గుడ్డు పెట్టింది. ఆ పక్క కంచెలోంచి ఇంకొకావిడ పిలిచింది. ఆ తర్వాత కర్ర పట్టుకున్న ఓ తాత. పిన్ని వెనకాలే వస్తూ “ఇటు, ఇటు, పాపం వీళ్ళకి నడుం నొప్పి” అని దారి చూపిస్తోంది.

“ఇంతమంది ఉన్నారే! అందరూ కలిసి వెళ్ళి నిలదీస్తే ఆ కంపెనీవాడెవడు ఆపడానికి?” అని అరిచాడు వదీమ్.

“అరవకు, తిను” అంటూ ఎవరో నోట్లో అట్టుముక్క కుక్కారు.

షెడ్డు చేరేసరికి పొద్దు వాలింది. భుజం కొట్టుకుపోయింది. పొద్దుటికంటే ఎక్కువ కోపంగా ఉన్నాడు. బెంచీని కుప్ప అడుక్కి తోసెయ్యబోతుంటే పిన్ని చెయ్యి పట్టుకుంది.

“పైన పెట్టరా. వచ్చే ఏడు నువ్వు రాకపోతే, అడుగు నుంచి మేం లాగలేం.”