తలకిందుల స్విచ్

"ఇంకా ఎంతసేపు? వాగు మనకోసం ఆగుతుందా?" షెడ్డు గుమ్మంలోంచి భర్త అరిచాడు.

"మీరిలా నెత్తిమీద నిలబడితే ఇంకా ఆలస్యమవుతుంది. వెళ్లి పంపుకి పైపులు విప్పండి," అంది ఆమె తల ఎత్తకుండా.

గతుకుల్లో తిరిగే లావు టైర్ల బండి, ఏటీవీ పక్కన పీట వేసుకుని కూర్చుందామె. నర్సరీ మొక్కలకు నీళ్లు తోడే పంపు వాగు అంచున ఉంది. ఎగువన కురిసిన వానకు పొద్దున్నుంచీ నీళ్లు ఎర్రగా పొంగుతున్నాయి. చీకటి పడేలోగా పంపును గట్టెక్కించకపోతే అది వాగుపాలే. అంత బరువును లాగాలంటే ఏటీవీ ముందున్న వించ్ ఒక్కటే దిక్కు. దాని మోటారు తాడును చుట్టుకుంటూ దేన్నైనా ఈడ్చుకొస్తుంది. తీరా ఆ మోటారును నడిపే స్విచ్ అరిగిపోయి, ఎన్నిసార్లు నొక్కినా పలకడం మానేసింది. కొత్తది కొని తెచ్చి చాలాకాలమైంది. మార్చే తీరికే ఎవరికీ దొరకలేదు. చిన్న స్క్రూలు భర్త చేతికి లొంగవు. అలాంటి పనులన్నీ ఆమె వాటాకే వస్తాయి.

ముందు బ్యాటరీ తీగ విప్పింది. స్విచ్ తీగలను ఒక్కొక్కటిగా ఊడదీసి, రంగుకు రంగు చూసుకుంటూ కొత్తదానికి కలిపింది. పాతదాన్ని హ్యాండిల్ మీద తలకిందులుగా బిగించి ఉండటం అప్పుడు గమనించింది. లాగడానికి నొక్కే సగం మీద ‘ఇన్’, వదలడానికి నొక్కే సగం మీద ‘అవుట్’ అన్న అక్షరాలు కాళ్లు పైకెత్తుకుని ఉన్నాయి.

"బిగించిన మహానుభావుడెవరో అక్షరాలైనా చూసుకోలేదు," అని గొణుక్కుంది. గోడమీద క్యాలెండరు కాస్త వంకరగా ఉన్నా సహించని మనిషి ఆమె. కొత్త స్విచ్‌ను నిటారుగా బిగించింది. బ్యాటరీ కలిపి నొక్కి చూసింది. ఇన్ అంటే తాడు చుట్టుకుంది, అవుట్ అంటే వదిలింది.

భర్త వచ్చి బండెక్కాడు. "పనైందా తల్లీ!" అని దణ్ణం పెట్టి, వాగువైపు దూకించాడు. కింద మరిది అప్పటికే మోకాలిలోతు నీళ్లలో పంపు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆమె కుళాయి కింద చేతులు కడుక్కుని, పరిచిన పాత పేపరు మడవబోయింది. దానిమీద పాత స్విచ్ పడి ఉంది. ‘ఇన్’ అన్న సగం మాత్రమే చెంచాలా గుంటపడి ఉంది. భర్త బొటనవేలు చేసిన గుంట. దాన్ని హ్యాండిల్ మీద ఉన్నట్టే పట్టుకుని, తన వేలు ఆనించి చూసింది. గుంట కిందివైపు వచ్చింది.

లాగాలంటే కింద. వదలాలంటే పైన.

ఇన్నేళ్లలో ఆయన అక్షరాలు ఎన్నడూ చదవలేదు. వేలికే కళ్లున్నాయి. ఇప్పుడు పైన నొక్కితే వించ్ లాగుతుంది. మరిది "వదులు" అనేది ఎప్పుడు? తాడు సర్దడానికి చెయ్యి పెట్టినప్పుడు.

ఆమె చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తింది.

"ఏవండీ! నొక్కొద్దు!"

వాగు హోరులో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. గట్టుమీద ఏటీవీ ముక్కు వాగువైపు ఉంది. మరిది తాడును చేత్తో లాక్కెళ్లి పంపు చట్రానికి కొక్కెం తగిలించేశాడు. నీటి తోపుకు పంపు కదిలి, తాడు బిగిసి చట్రం అంచులో ఇరుక్కుంది. అతను వంగి, తాడు కింద తొడుగు వేసుకున్న వేళ్లు దూర్చి, రెండో చెయ్యి ఊపాడు.

"అన్నయ్యా, కొంచెం వదులు!"

భర్త కళ్లు తమ్ముడి మీదే ఉన్నాయి. బొటనవేలు దానంతట అదే పైకి జరిగింది. వించ్ గుర్రుమంది. కిందనుంచి కేక. ఆమె అడ్డంపడి తాళం తిప్పేసింది.

"ఏమిటే ఇది! మతిపోయిందా?"

"మీరిప్పుడు వదిలారా, లాగారా?"

"వదిలాను!"

"అక్షరాలు చూడండి."

అతను చూశాడు. చటుక్కున స్విచ్ మీంచి వేలు తీసేశాడు. ఇద్దరూ కిందికి చూశారు. మరిది చేతి తొడుగు తాడు కింద అప్పడంలా అణిగి ఉంది. అతను వట్టి చేతిని పైకెత్తి వేళ్లు ఆడించాడు.

"అయిదూ ఉన్నాయి వదినా! తొడుగు మాత్రం అన్నయ్యే కొనివ్వాలి!"

నీళ్లు అతని తొడల దాకా వచ్చేశాయి.

"మీరు దిగండి," అంది ఆమె. "నా వేలికి పాత అలవాటు లేదు. అబ్బాయ్, నువ్వు ముందు పక్కకు జరుగు! నేను ఆపేదాకా చెయ్యి పెట్టకు!"

అక్షరం చూసి, మనసులో ఒకసారి చదువుకుని నొక్కింది. తాడు వదులైంది. మరిది దాన్ని అంచునుంచి తప్పించి దూరంగా జరిగాడు. మళ్లీ చదువుకుని నొక్కింది. పంపు బురద చీల్చుకుంటూ, ఒళ్లంతా నీళ్లు కారుస్తూ గట్టెక్కింది. అది అంతదాకా వాగులో ఉన్న చోట మరుక్షణమే సుడి తిరిగింది.

షెడ్డుకు రాగానే ఆమె మళ్లీ స్క్రూడ్రైవర్ తీసింది.

"ఉండనివ్వు. నువ్వు బిగించిందే సరైంది. నేనే అలవాటు చేసుకుంటాను," అన్నాడు భర్త నేలచూపులు చూస్తూ.

"మీరు వింటారు. మీ వేలు వింటుందా?"

స్విచ్‌ను తిప్పి తలకిందులుగా బిగించింది. అక్షరాలు మళ్లీ కాళ్లు పైకెత్తాయి. వాటిని చూస్తుంటే ఆమె చెయ్యి ఊరుకోనంది. అయినా స్క్రూ ఇంకో చుట్టు బిగించింది.

"ఏదీ, వదలండి."

అతను స్విచ్ వైపు చూడనేలేదు. వేలు పైకి జరిగింది, తాడు మెల్లగా జారింది. బండి ముందు మరిది రెండు చేతులూ వీపు వెనక దాచుకుని నిలబడి ఉన్నాడు.