గులకరాళ్ళ డబ్బా

కుక్కల మాస్టారు కుక్కని కొట్టరు. ఆ మాట వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. "దెబ్బ వేస్తే మచ్చ పడుతుందండీ. పైగా కుక్క మొండికేస్తుంది. నేను చెయ్యెత్తను." నిజమే, ఎత్తరు. ఆయన చేతిలో ఉండేది ఒక పాత పాలపొడి డబ్బా, అందులో గుప్పెడు గులకరాళ్ళు.

తర్ఫీదుకి కొత్త కుక్క రాగానే దాన్ని వెనక గదిలో మూడు రోజులు ఒంటరిగా ఉంచుతారు. తిండి ఆయన చేత్తోనే, నీళ్ళు ఆయన చేత్తోనే. మధ్యమధ్యలో, అది ఏ తప్పూ చెయ్యనప్పుడు కూడా, ఆ డబ్బా దాని కాళ్ళ పక్కన ధడేల్మని పడుతుంది. అది గోడకి అతుక్కుపోయి వణుకుతుంటే మళ్ళీ మాస్టారే వెళ్ళి ఒళ్ళోకి తీసుకుని వీపు నిమురుతారు. నాలుగో రోజు నుంచి ఆయన ఎక్కడుంటే ఆ కుక్క అక్కడే. దాన్ని తెచ్చిన వాళ్ళు చూసి మురిసిపోతారు. "అబ్బ, మీరంటే ఎంత ప్రేమో చూడండి!" అంటారు. మాస్టారు తలూపి లోపల్లోపల నవ్వుకుంటారు.

ఎందుకంటే ఆయనకి తెలుసు. తోక కిందికి వేలాడేసి ఊపితే అది సంతోషం కాదు, దండం పెట్టడం. నిద్ర రాకుండా ఆవులిస్తే భయం. ఊరికే పెదాలు నాక్కుంటే, ఎలాగోలా ఈ గండం గడిస్తే చాలనుకోవడం. కుక్క ఒంట్లో ఏ వెంట్రుక ఎందుకు లేచిందో ఆయనకి కొట్టిన పిండి. మనుషుల సంగతి ఎత్తితే మాత్రం "వాళ్ళ గొడవ మనకెందుకులెండి" అనేవారు. ఏదో పెద్దమనిషి తరహాలో అనేవారు గానీ, అసలు సంగతి ఏమిటంటే ఆ విషయంలో ఆయన శుద్ధ మొద్దు.

ఈ విద్యకి ఒకే ఒక్క అభిమాని ఉండేవాడు. మాస్టారి బావ, అంటే అక్క మొగుడు. పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టి చాలా ఏళ్ళు ప్రతి ఆదివారం వచ్చి, వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని శ్రద్ధగా చూసేవాడు.

"తప్పు చెయ్యనప్పుడు కూడా డబ్బా ఎందుకు పడెయ్యాలి బామ్మర్దీ?"

"ఎప్పుడు పడుతుందో తెలిస్తే మిగతా టైమంతా అది హాయిగా ఉంటుంది కదా బావా. తెలియకూడదు. అప్పుడే రోజంతా మన మొహం చూస్తూ కూర్చుంటుంది."

"మరి ఇంట్లో ఇంకెవరైనా ముద్దు చేస్తే?"

"వాళ్ళ దగ్గరికి పోయినప్పుడే వెయ్యాలి. రెండుసార్లు వేస్తే ఇక అటు కన్నెత్తి కూడా చూడదు."

"ఆహా!" అనేవాడు బావ. సొంతవాళ్ళలో ఆయన పనిని పని అన్నవాడు ఇంకొకడు లేడు. మాస్టారు పొంగిపోయి, అడిగింది అడగంది అన్నీ విప్పి చెప్పేవారు. బావకి కుక్క లేదు. ఆ సంగతి ఆయనకి ఒక్కనాడైనా తట్టలేదు.

పదకొండేళ్ళ కాపురం చేసి ఒక పొద్దున అక్క రెండు సంచులతో, ఎనిమిదేళ్ళ పాపతో తమ్ముడి ఇంటికి వచ్చేసింది. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. కోర్టులో అదే చిక్కయింది. కొట్టాడా అంటే కొట్టలేదు. తిట్టాడా అంటే అదీ లేదు. మరేం చేశాడమ్మా అని అడిగితే ఆవిడ నోరు తెరిచేది, మూసేది. పాప ఎవరి దగ్గర ఉండాలో తేల్చడానికి జడ్జిగారు వాళ్ళని కౌన్సిలరమ్మ దగ్గరికి పంపించారు.

ఈలోగా రెండు నెలలు పాప మాస్టారి ఇంట్లోనే పెరిగింది. మొదట్లో గోడ పక్కగా నడిచేది. తర్వాత్తర్వాత కుక్కపిల్లలకి పేర్లు పెట్టింది, అన్నం దగ్గర పేచీ పెట్టింది, మాస్టారి మీసానికి బొమ్మ దువ్వెనతో పాపిడి తీసింది. పెళ్ళీ గిళ్ళీ లేని మనిషి, ఆ పిల్ల మీదే పంచప్రాణాలూ పెట్టుకున్నారు.

కౌన్సిలరమ్మ గదిలో నేల మీద చాప, ఒక పొట్టి బల్ల, కొన్ని బొమ్మలు, గోడకి ఒక అద్దం ఉన్నాయి. అద్దానికి అవతల చిన్న గదిలో కూర్చుంటే ఇటు జరిగేదంతా కనబడుతుంది. మాస్టారిని అక్కడ కూర్చోబెట్టారు. చాపకి ఒక పక్క అక్క, ఇంకో పక్క బావ.

"నీకు ఎవరి దగ్గరికి వెళ్ళాలనుంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళమ్మా" అంది కౌన్సిలరమ్మ.

బావ జేబులోంచి తాళాల గుత్తి తీసి పక్కన పెట్టాడు. గల్లుమంది, అంతే. పాప ఉలిక్కిపడి, పరుగెత్తుకుంటూ వెళ్ళి వాడి ఒళ్ళో కూర్చుంది. బుగ్గ మీద ముద్దు పెట్టింది. నవ్వింది. పెదాలు నాక్కుంది. తర్వాత పెద్దగా ఆవులించింది. అమ్మ వైపు కన్నెత్తి చూడలేదు.

అద్దం అవతల మాస్టారు కుర్చీలోంచి లేచారు. ఆ ఆవులింతని ఆయన తన వెనక గదిలో ఎన్ని వందల సార్లు చూశారో. ఆ వెంటనే ఇంకోటి కూడా గుర్తొచ్చింది. బావ ఇంటి గేటు చప్పుడవగానే అక్క చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తడం. "మా అక్కకి బావంటే ప్రాణం" అని తనే నలుగురికీ చెప్పుకున్నారు. జనం కుక్కల్ని చూసి ప్రేమ అంటే నవ్వుకున్న మనిషి, అక్కని చూసి అదే మాట అన్నారు.

గది ఖాళీ అయ్యాక కౌన్సిలరమ్మ ముందు నిలబడ్డారు.

"మేడమ్, అది ప్రేమ కాదు. భయం."

"భయపడే పిల్ల ఒళ్ళో కూర్చుని ఆవులిస్తుందా అండీ?"

"భయపడితేనే ఆవులిస్తుంది మేడమ్. పెదాలు నాక్కుంది, చూశారా? తాళాలు మోగగానే ఉలిక్కిపడింది. ముందు బెదరగొట్టి, తర్వాత తనే దగ్గరికి తీసుకుంటే ఇలాగే అవుతుంది."

"మీకెలా తెలుసు?"

మాస్టారు తలొంచుకున్నారు. "ఈ విద్య నాదేనండీ. ఆయన నా దగ్గరే నేర్చుకున్నాడు." ఇక నోరు జారాక ఆగలేదు. డబ్బా, వెనక గది, మూడు రోజులు, అన్నీ చెప్పేశారు.

కౌన్సిలరమ్మ అదంతా కాగితం మీద రాసుకుంది. "అంటే మీరు రోజూ చేసే పని ఇదన్నమాట."

"కుక్కలకండీ!"

"పదిరోజుల్లో మళ్ళీ చూస్తాను. ఆ తర్వాతే రిపోర్టు" అంది ఆవిడ, కాగితాలు సర్దుకుంటూ.

ఇంటికి వచ్చాక అక్క పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. "నావైపు చూడను కూడా లేదురా" అని ఒకటే మాట. మాస్టారు సంగతి విడమరిచి చెప్పారు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కూడా చెప్పారు. తిడుతుందనుకున్నారు, చెంప పగలగొడుతుందనుకున్నారు. అక్క కళ్ళు తుడుచుకుని వేరే మాట అంది.

"అయితే నువ్వు విప్పగలవు కదా. నీ మాట వినని కుక్క లేదు కదా. పదిరోజులు టైముందిరా తమ్ముడూ. ఆ రోజు అది నా దగ్గరికి వచ్చేలా చెయ్యి."

మొదటి మూడు రోజులూ మాస్టారు మంచితనంతోనే చేశారు. అక్క బట్టల్లో కలిసొచ్చిన బావ చొక్కా ఒక కుర్చీకి తగిలించారు, ఇంకో కుర్చీలో అక్కని కూర్చోబెట్టారు. కథలు చెప్పారు, చాక్లెట్లు పెట్టారు, బతిమాలారు. అంతా సరదాగానే ఉండేది. మాస్టారు తన తాళాలు తీసి గలగలలాడించేసరికి మాత్రం పిల్ల మొహం మాడిపోయి, చొక్కా ఉన్న కుర్చీ దగ్గరికే వెళ్ళి నిలబడేది. చొక్కాని చూసి నవ్వేది కూడా.

కుక్కలో పాత భయం పోగొట్టాలంటే మాస్టారికి తెలిసిన దారి ఒక్కటే. దానికంటే పెద్ద భయం పెట్టడం.

నాలుగో రోజు డబ్బా తెచ్చారు. అక్క చూసింది. లేచి, చొక్కా ఉన్న కుర్చీకి ఎదురుగా తన కుర్చీ సర్దుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి ఆవిడ వల్ల కాలేదు. డబ్బా చప్పుడు వినబడకుండా వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఉంచేది. పిలిచినప్పుడు వచ్చి కూర్చునేది, పనవగానే మళ్ళీ కుళాయి దగ్గరికి పోయేది.

పాప చొక్కా వైపు నడవగానే మొదటిసారి డబ్బా పడినప్పుడు మాస్టారు కళ్ళు మూసుకున్నారు. పాప చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయింది. వెంటనే వెళ్ళి ఎత్తుకుని, "అమ్మ కోసమే కదా తల్లీ, మా బంగారం కదూ" అని వీపు నిమిరారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళు తిరిగినా చెయ్యి మాత్రం తన పని తను చేసుకుపోయింది. చేసి చేసి దానికి అలవాటు. ఆరో రోజుకి పాప చొక్కా వైపు చూడటం మానేసింది. ఎనిమిదో రోజుకి తాళాలు మోగగానే బాణంలా అమ్మ ఒళ్ళోకి పోతోంది. అదే రోజు మీసానికి పాపిడి తియ్యడం కూడా మానేసింది. మాస్టారు గమనించారు. ముందు కోర్టు పని కానీ, తర్వాత బుజ్జగించుకోవచ్చులే అనుకున్నారు.

పదో రోజు గదిలో బావ తాళాలు తీసి పెట్టాడు. పాప అటు చూడకుండా నేరుగా వెళ్ళి అమ్మ ఒళ్ళో కూర్చుంది. అక్క పిల్లని గట్టిగా కరుచుకుని భోరుమంది. బావ మొహం పాలిపోయింది. అద్దం అవతల మాస్టారు గుప్పిళ్ళు బిగించి "శభాష్" అన్నారు. ఆ క్షణంలో ఆయనకి కలిగింది సంతోషమే, దాచడానికేం లేదు.

పాప ఆవులించింది.

కౌన్సిలరమ్మ రాస్తున్న కలం ఆపింది. పిల్లనే చూసింది. పెదాలు నాక్కోవడం చూసింది. "బొమ్మ వేస్తావా అమ్మా?" అంటూ బల్ల కిందనుంచి రంగు పెన్సిళ్ళ రేకు డబ్బా తీసింది. లోపల పెన్సిళ్ళు గలగలమన్నాయి.

పాప అమ్మ ఒళ్ళోంచి ఎగిరిపడి బల్ల కింద దూరింది. చెవులు మూసుకుంది. చాప తడిసింది. "వెళ్ళాను కదా, అమ్మ దగ్గరికే వెళ్ళాను కదా మావయ్యా" అని ఏడవడం మొదలుపెట్టింది. కౌన్సిలరమ్మ నేల మీద కూర్చుని, పిల్ల ఏడుపు తగ్గేదాకా ఆగి, మెల్లగా అడిగింది. చొక్కా, కుర్చీ, పాలపొడి డబ్బా, వంటింటి కుళాయి, అన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. నాన్న గురించి అడిగితే "నాన్న మంచోడు" అంది. ఆ జవాబు చాలా ఏళ్ళ కిందటే తయారైపోయింది, దాన్ని ఇప్పుడెవరూ కదపలేరు.

మాస్టారు తలుపు తోసుకుని వచ్చారు. "మేడమ్, నా తప్పే. కానీ ఆయన కూడా..."

"ఆవులిస్తే భయమని మీరే కదండీ చెప్పారు" అంది కౌన్సిలరమ్మ. "నాకు నేర్పింది మీరే. ఈ పని చేసేది ఎవరో కూడా మీ నోటితోనే చెప్పారు. ఆయన విషయంలో నాకు మీ మాట తప్ప ఏమీ లేదు. మీ విషయంలో ఈ పిల్ల ఉంది." అక్క వైపు తిరిగి, "మీరు కుళాయి తిప్పారా అమ్మా?" అని అడిగింది. అక్క కొంగుతో మొహం కప్పేసుకుంది.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. పాప తండ్రి దగ్గర ఉండాలి. కౌన్సిలరమ్మ ఆఫీసు వరండాలోనే అప్పగింతలు పెట్టారు. ఎండ ఫెళఫెళలాడుతోంది. బావ కారు దగ్గర నిలబడి, "వస్తాం బామ్మర్దీ" అని ఎప్పటిలాగే నవ్వుతూ చెయ్యూపాడు. అక్క మెట్ల మీద కూలబడింది. పాప తన సంచీ తనే భుజాన వేసుకుంది. ఏడవలేదు.

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల మొహంలోకి చూశారు. ఇక ఏ కోర్టూ వినని మాట, తన కోసం తను అడిగారు.

"నిజం చెప్పమ్మా. నాన్నంటే నీకు భయమే కదా? మరి ఆ రోజు నాన్న మంచోడని ఎందుకు చెప్పావు? ఆ మేడమ్‌తో ఒక్క మాట అంటే..."

పాప చుట్టూ చూసి గొంతు తగ్గించింది. ఎంతో ఆలోచించుకున్న దానిలా చెప్పింది.

"అక్కడైతే ఒక్కళ్ళకే భయపడాలి మావయ్యా."

చెప్పి అక్కడే నిలబడింది. అవతల బావ హారన్ కొట్టాడు. పిల్ల ఉలిక్కిపడింది గానీ కదల్లేదు. ఆయన మొహమే చూస్తూ ఉంది. ఎందుకు నిలబడిందో మాస్టారికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "వెళ్ళు" అన్నారు.

అప్పుడు వెళ్ళింది.