దువ్వెనగాడి కీబోర్డు, నా తొమ్మిది బటన్లు

ఏమే ఎలకపిల్లా, ఇటు చూడు. ఆ మౌసు కాసేపు వదులు, అదేం పారిపోదు. పావుగంట నుంచీ నిన్నే చూస్తున్నాను. ఒక్క లైను కాపీ చేయడానికి దాన్ని ఆ చివర్నుంచి ఈ చివరికి ఈడుస్తావు, కుడివైపు నొక్కుతావు, ఒక పెట్టె తెరుచుకుంటుంది, అందులో పోయిన చెవిపోగు కోసం వెతికినట్టు వెతుకుతావు. మళ్ళీ కిందికి వస్తావు, మళ్ళీ నొక్కుతావు, మళ్ళీ వెతుకుతావు. ఇంత చదువు చదివింది ఇందుకా? ఎనిమిదో క్లాసు రెండుసార్లు చదివిన మీ మామయ్యని చూడు. కంట్రోల్ పట్టుకుని సి కొడితే కాపీ, వి కొడితే అంటించడం, ఎస్ కొడితే దాచుకోవడం. కళ్ళు మూసుకుని చేస్తాను.

నవ్వకు. నాకు ఇవన్నీ ఎవరు నేర్పారనుకున్నావు? మాస్టారూ కాదు, పుస్తకమూ కాదు. అసహ్యం నేర్పింది. ఉత్త అసహ్యం. ఆ కాఫీ ముందు తాగెయ్, విన్నాక తాగబుద్ధి కాదు.

నేను రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు కొడతానని నీకు తెలుసుగా. మూడో అంతస్తులో ఒక చిన్న గది, ఒక కిటికీ, ఒక కుర్చీ, ఒక కంప్యూటర్. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా దువ్వెనగాడు. రెండు నుంచి ఎనిమిది దాకా నేను, కానీ బస్సు వేళ వల్ల రోజూ ఒంటిగంటకే చేరుకుంటాను. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, ఒకే కుర్చీ పంచుకుంటున్నాం కదా అని బావా బావా అనుకుంటాం.

వాడికి దువ్వెన అన్న పేరు ఊరికే రాలేదు. చొక్కా జేబులో పెన్ను ఉండదు, దువ్వెన ఉంటుంది. ప్రతి రిపోర్టూ అయిపోగానే దాన్ని తీసి, కీబోర్డు మీదికి వంగి, నుదుటి నుంచి వెనక్కి ఒక దువ్వు. తెల్లగా రాలుతుంది. అదలా రాలుతుంటే వాడికి ఏమీ అనిపించదు. దాని మీదే బిస్కెట్లు తింటాడు. టీలో ముంచి తింటాడు. ముంచింది విరిగి ఎక్కడ పడుతుందో నువ్వే ఊహించుకో. గోళ్ళు కూడా అక్కడే కత్తిరిస్తాడు. ఒకసారి ఎఫ్ కీ, జీ కీ మధ్య నెలవంకలా ఏదో మెరుస్తుంటే వంగి చూశాను. బొటనవేలి గోరు. వాడి బొటనవేలిది. చేతిది కాదు.

దాన్ని కాగితం ముక్కతో ఎత్తి కిటికీలోంచి పారేశాను.

"ఏరా దువ్వెనా, అదేం పాడు అలవాటురా! ఆ కీబోర్డు తలకిందులు చేసి దులిపితే రెండు కోళ్ళకి ఒక పూట గడుస్తుంది" అన్నాను.

వాడు పళ్ళికిలించి, "మనిషన్నాక కాస్త రాలతాడు బావా. నువ్వు మరీ సుకుమారం" అన్నాడు. అంటూనే చెవిలో చిటికెనవేలు పెట్టి తిప్పి, తీసి, దాన్ని శ్రద్ధగా చూసుకుని, అదే వేలితో ఎంటర్ కొట్టాడు.

రోజంతా ఆ కీబోర్డు ముట్టుకోక తప్పదు. ల్యాబులో స్పిరిట్టుకీ దూదికీ కరువు లేదు కాబట్టి తుడవడం మొదలుపెట్టాను. కానీ నూటికి పైగా బటన్లున్నాయే దానికి! ఒక్కొక్కటీ తుడిచేసరికి అరగంట. తుడిచిన దూది చూస్తే అన్నం సయించదు. ఇంటికెళ్ళి మూడుసార్లు సబ్బు పెడుతుంటే మీ అత్త తలుపు దగ్గర నిలబడి, "ఏం చేసొచ్చారండీ? ఎవర్నైనా పాతిపెట్టారా?" అనేది.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. అన్ని బటన్లూ తుడవడం ఎందుకు? నేను ముట్టుకునేవే తక్కువ చేసుకుంటే పోలా?

నీకు తెలీనిది నేను కనిపెట్టానే ఎలకపిల్లా. ఆ పైనున్న మెనూలు తెరిచి చూడు. ప్రతి మాట పక్కనా చివర్లో సన్నటి అక్షరాలతో ఏదో రాసుంటుంది. కాపీ పక్కన కంట్రోల్ సి, ప్రింట్ పక్కన కంట్రోల్ పి. జవాబులు ప్రశ్నపత్రం మీదే అచ్చేసినట్టు! ఇన్నేళ్ళూ అవేవో కంపెనీవాళ్ళ గుర్తులనుకున్నాను. వారం రోజులు కూర్చుని ఒక్కోటీ నొక్కి చూశాను. రిపోర్టులన్నీ దాదాపు ఒకటే కదా, మారేవి అంకెలే. పేరూ వయసూ రిసెప్షన్ వాళ్ళే ఎక్కిస్తారు. పాత రిపోర్టు తెరువు, కంట్రోల్ ఎ, మొత్తం పట్టుకుంది. సి, కాపీ. ఎన్, కొత్త కాగితం. వి, అంటించు. ట్యాబ్ మీద ట్యాబ్ కొట్టుకుంటూ అంకెలు నింపు. ఎస్, దాచు. పి, ప్రింటు. చివర్లో ఎంటర్.

లెక్క చూసుకుంటే తొమ్మిది బటన్లు, కుడిపక్కనున్న అంకెలు. అంతే! అవి మాత్రం తళతళలాడేవి. మిగతా కీబోర్డంతా వాడి బిస్కెట్లకీ వాడి తలకీ వదిలేశాను. మధ్యలో నా తొమ్మిది బటన్లు మురికికాలవలో రాళ్ళలా తేలి ఉండేవి, నేను వాటి మీద గెంతుకుంటూ పోయేవాణ్ణి. ఒక నెల తిరిగేసరికి నా ఆరుగంటల పని మూడుగంటల్లో అయిపోతోంది.

ఇలా ఉండగా ఒక సోమవారం మేనేజర్ మేడం మా ఇద్దర్నీ పిలిచింది.

"కొత్త మెషీన్ వస్తోంది. సగం రిపోర్టులు అదే తయారుచేస్తుంది. పైన గదిలో ఇక ఒక్కరు చాలు. ఇంకొకరు కింద శాంపిల్ కౌంటర్లో లేబుళ్ళు చూసుకోవాలి. రేపు ఒంటిగంటన్నరకి ఇద్దరికీ చిన్న పరీక్ష పెడతాను. దాన్ని బట్టి నిర్ణయిస్తాను" అంది.

కింద శాంపిల్ కౌంటర్ అంటే నీకు తెలీదు. కిటికీ లేదు, ఫ్యాన్ ఉంది కానీ అది ఆ కంపునే తిప్పి తిప్పి మళ్ళీ మనకే వడ్డిస్తుంది. పొద్దున్నించీ జనం సీసాలు తెస్తారు. మూత సరిగ్గా పెట్టరు. సీసా తడిగా ఉంటుంది, ఎందుకు తడిగా ఉందో మనం ఆలోచించకూడదు. దాన్ని చేత్తో పట్టుకుని లేబుల్ అంటించాలి. ఒకాయన మూత్రం జాం సీసాలో తెచ్చాడు, జాం పూర్తిగా కడగలేదు. ఇంకొకాయన రెండోరకం శాంపిల్ అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చి, ఊడిపోకుండా రబ్బరుబ్యాండు వేసి, "ఇది చాలా, ఇంకా తేవాలా?" అని అడిగాడట. గోరుముక్కనే కాగితంతో ఎత్తి పారేసినవాణ్ణి, ఆ కౌంటర్లో నేను ఒక్క రోజు కూడా బతకను. ఉద్యోగం మానేద్దామంటే ఈ వయసులో నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టేదెవరు?

మెట్ల దగ్గర దువ్వెనగాడు నా చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడాడు. "మేడం ఫోన్లో అంటుంటే విన్నాను బావా. ఎవరు స్లో అయితే వాళ్ళే కిందికట."

"అవునా?"

"నా చేతి స్పీడు నీకు తెలుసుగా. నా పని అయిపోయినట్టే" అని మొహం వేలాడేశాడు.

వాణ్ణి చూస్తే జాలేసింది. ఎంత జాలేసిందంటే, వాడు ఖాయంగా ఓడిపోయేలా ఒక ఏర్పాటు కూడా చేశాను.

ఏంటలా చూస్తావు? నీ పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు కూర్చునే కుర్చీ మెత్త కింద గాలిబూర పెట్టింది ఎవరు? నా సంగతి నీకు తెలిసిందే.

ఆ టైపు చేసే ప్రోగ్రాంలో ఒక సదుపాయం ఉంది. మనం ఒక మాట కొడితే, దాని బదులు మనకి కావల్సిన ఇంకో మాట దానంతటదే పడేలా పెట్టుకోవచ్చు. మర్నాడు ఒంటిగంటకి దువ్వెనగాడు భోజనానికి వెళ్ళగానే ముక్కు బిగబట్టి, చేతివేళ్ళకి దూది చుట్టుకుని, ఆ అసహ్యపు బటన్లన్నీ ముట్టుకుని ఆ పని కానిచ్చాను. ఎప్పుడు 'శాంపిల్' అని కొట్టినా, 'నేను చేతులు కడుక్కోను' అని పడుతుంది. నాకు భయం లేదు. నేను ఆ మాట కొట్టనే కొట్టను కదా, పాత రిపోర్టులోంచి మొత్తం తెచ్చి అంటిస్తాను. అంటించిన మాటని అది మార్చదు, కొట్టిన మాటనే మారుస్తుంది.

ఒంటిగంటన్నరకి మేడం వచ్చింది. చేత్తో రాసిన కాగితాలు తలా ఇరవై. ముందు నేను కూర్చున్నాను. ఎ, సి, ఎన్, వి, ట్యాబ్, ట్యాబ్, ట్యాబ్. మేడం ఫోన్లో టైము చూస్తూ కళ్ళు పెద్దవి చేసింది. ఇరవై రిపోర్టులు, పదకొండు నిమిషాలు. తప్పులు వెతికింది, ఒక్కటీ దొరకలేదు.

"మీరు ఇంత స్పీడని నాకు తెలీదండీ!" అంది.

"ఏదో మీ దయ మేడం" అని వినయంగా లేచి, దువ్వెనగాడికి కుర్చీ తుడిచి మరీ ఇచ్చాను.

వాడు కూర్చుని, ఒకసారి దువ్వుకుని, రెండు వేళ్ళతో మొదలుపెట్టాడు. మొదటి లైనులోనే పడింది. మేడం వంగి పైకి చదివింది. "నేను చేతులు కడుక్కోను అందిన సమయం, ఉదయం ఏడున్నర. ఏంటండీ ఇది?"

"అయ్యో మేడం, నేను శాంపిల్ అనే కొట్టాను!"

"మరి ఇదెవరు కొట్టారు?"

వాడు వెనక్కి చెరిపే బటన్ పట్టుకుని ఒక్కో అక్షరం చెరిపాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పడింది. మళ్ళీ ఒక్కో అక్షరం. నేను కిటికీ వైపు తిరిగి దగ్గు వచ్చినట్టు నటిస్తూ కడుపు పట్టుకున్నాను. నుదుటి మీద చెమట తుడుచుకుని వాడు ఆ చేతినే కీబోర్డు మీద పెట్టాడు. చూడలేక కళ్ళు మూసుకున్నాను. పదకొండు నిమిషాలకి వాడి రిపోర్టులు రెండు. రెండో దాంట్లో కూడా ఒకచోట చేతులు కడుక్కోనని ఒప్పుకునే ఉన్నాడు.

"చాల్లెండి. కంప్యూటర్‌కి ఏదో పట్టింది, అది వేరే సంగతి. కానీ మీ పద్ధతి చూశాను కదా, ఒక్కో అక్షరం చెరుపుతున్నారు" అని మేడం నా వైపు తిరిగింది. "రేపట్నుంచి మీరు కింద శాంపిల్ కౌంటర్లో ఉండండి."

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరితోనైనా అంటోందేమోనని. వెనక గోడ ఉంది.

"మేడం, గెలిచింది నేను!"

"అందుకే. కింద పొద్దున మూడొందల మంది క్యూలో ఉంటారు. లేబుల్ అర నిమిషం ఆలస్యమైతే శాంపిళ్ళు కలిసిపోతాయి. నాకు అక్కడ స్పీడున్న మనిషి కావాలి. ఇక్కడ మిగిలే రిపోర్టులు సాయంత్రానికి ఇచ్చినా ఎవరూ అడగరు."

"స్లో అయినవాళ్ళు కిందికి అన్నారు కదండీ!"

"నేనా? ఎప్పుడన్నాను?"

నేను దువ్వెనగాడి వైపు చూశాను. వాడు కిటికీ అద్దంలో చూసుకుంటూ పాపిడి తీసుకుంటున్నాడు.

మేడం వెళ్ళిపోయింది. వాడు తాపీగా కుర్చీలో వెనక్కి వాలి, "ఇటు చూడు బావా" అని 'శాంపిల్' అని కొట్టాడు. చేతులు కడుక్కోనని పడింది. వెంటనే కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కాడు. నా మాట మాయమై శాంపిల్ మళ్ళీ వచ్చి కూర్చుంది. ఒక్క క్షణం పట్టలేదు.

"నీకు... నీకివి తెలుసా?"

"నువ్వు ఈ ల్యాబులో చేరకముందు నుంచీ తెలుసు. తెలుసని బయటపడితే పని పెంచుతారని ఊరుకున్నా. మేడం ఫోన్లో అన్నది స్పీడున్నవాళ్ళు కిందికని. రాత్రంతా నిద్రలేదు బావా, మరీ దొంగవేషంలా కనపడకుండా ఎలా ఓడిపోవాలా అని. మొదటి లైనులో అది పడగానే నీ పనేనని తెలిసింది. మనసులో నీకు దణ్ణం పెట్టుకున్నాను. మేడం పక్కనుండగా జెడ్ నొక్కకుండా చెయ్యి ఆపుకోవడమే చచ్చేంత కష్టమైంది."

నేను కుర్చీ చేతిని పట్టుకుని వాడి మీదికి వంగాను. "ఒరే, ఇదంతా ఎందుకురా? నీకు మురికంటే పట్టింపే లేదు కదరా! కింద ఉంటే నీకేం పోయింది?" అన్నాను.

దువ్వెనగాడు చిటికెనవేలు చెవిలో పెట్టి బాగా తిప్పాడు. తీసి వెలుతురులో చూసుకున్నాడు. నేను తుడిచి తళతళలాడించిన ఎంటర్ బటన్‌కి దాన్ని నెమ్మదిగా రాశాడు.

"ఛీ ఛీ, ఆ సీసాలు నేను ముట్టుకోవడమా? మనకి అలాంటివంటే మహా అసహ్యం బావా!"