‘ఫోన్ చేయండి’ అనే వాక్యం

షైలజ పని చేసే చెవి ఆసుపత్రి మదనపల్లెలో ఉంది. అక్కడి డాక్టరు వారంలో ఒక రోజు పుంగనూరులో, ఒక రోజు కుప్పంలో కూడా రోగుల్ని చూస్తాడు. మూడు ఊళ్లకూ వచ్చే మెయిళ్లకు జవాబులు పంపేది షైలజే. రాసేది అనడానికి మాత్రం లేదు. జవాబు ముందే తయారుగా ఉంటుంది. ఒక మీట నొక్కితే చాలు, మాక్రో అనే చిన్న ప్రోగ్రాము, మెయిలు పంపినవాళ్ల పేరూ ఊరూ ఖాళీల్లో నింపి, కింద ఆసుపత్రి చిరునామా తగిలించేస్తుంది. చదవడం, నొక్కడం, పంపడం. ఈ మధ్య ఆ చదవడం కూడా పైపైనే అయిపోయింది.

ఆ ఉదయం కుప్పం నుంచి నవనీత అనే ఆమె రాస్తే, అలాగే నొక్కి పంపింది. కాఫీ తాగి వచ్చేసరికి మళ్లీ ఆమె మెయిలే.

“అమ్మా, జ్వరం వచ్చి తగ్గినాక నాకు రెండు చెవులూ వినపడటం లేదు. డాక్టరు గారు కుప్పం ఎప్పుడొస్తారని అడిగితిని, అంతే. అడిగిన ప్రతిసారీ ‘వివరాలకు ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అంటాండారు. నేనెట్ల చేసేది?”

షైలజ కిందికి జరిపి పాత మెయిళ్లు చూసింది. ప్రతి దానికీ అదే జవాబు, చివర తన పేరు. మాక్రో జోలికి పోకుండా, డాక్టరు కుప్పం వచ్చే రోజూ, అక్కడ రోగుల్ని చూసే గది ఎక్కడుందో, బస్టాండు నుంచి ఎలా రావాలో తన చేత్తో టైపు చేసి, క్షమించమని రాసి పంపింది. తర్వాత లేచి మేనేజరు ప్రకాష్ బాబు దగ్గరికి పోయింది.

“ఫోన్ మాట యాల తీసేయాల?” అన్నాడాయన. “శానామంది ఫోన్లోనే గదా అడిగేది!”

“తీసేయొద్దు సార్. షరతు పెడదాం. మెయిల్లో వినపడదని ఉంటే ఫోన్ వాక్యం రాకూడదు. లేకుంటే రావాల.”

ప్రకాష్ బాబు చెడ్డవాడు కాదు. నడుస్తున్న దాన్ని కదిలిస్తే ఎక్కడ ఆగిపోతుందోనని భయం, అంతే. “సరే చెయ్యి. తేడా వస్తే నువ్వే సూసుకోవాల” అన్నాడు.

షైలజకు అంతకు ముందు షరతులు రాసిన అలవాటు లేదు. భోజనం వేళ డబ్బా పక్కన పెట్టుకుని నేర్చుకుంది. మొదట తనకే ఒక జవాబు పంపుకుంటే, తన పేరు రావలసిన చోట ‘గౌరవనీయులైన పేరు గారికి’ అని వచ్చింది. తనలో తనే నవ్వుకుని సరి చేసింది. కుప్పం అయితే కుప్పం సంగతులు, పుంగనూరు అయితే అక్కడివి, రెండూ కాకపోతే మదనపల్లెవి. వినపడదనే మాట కనబడితే ఫోన్ వాక్యం మాయం. అన్నీ అనుకున్నట్టు పని చేస్తుంటే, మొదటిసారి సైకిలు ఎవరూ పట్టుకోకుండా తొక్కినంత సంబరపడింది.

సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక రోజు పుంగనూరు నుంచి మునిచంద్ర అనే రైతు తన కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా మదనపల్లె ఆఫీసులోకి వచ్చాడు.

“మెయిలు పంపేది ఈడేనా?”

“ఈడే అప్పా. కూర్చోండి.”

“కూర్చునేది తర్వాతమ్మా. నాకు చదువు రాదు. మా పాపకు వినపడదని నెట్ సెంటరాయనతో రాయించి పంపితి. మీ జవాబు కాయితం ఆయన ఇంటికి పంపిచ్చినాడు, దాంట్లో ఏముండాదో తెలుసుకునేకి మళ్లీ ఆడికే పోవాల. అంకెలైతే నాకు తెలుస్తాయి, ఒక నంబరన్నా ఉండుంటే ఫోన్ చేసుందును గదా! పోయి సదివించుకునేలోపల డాక్టరు మా ఊరికొచ్చి పోయినాడంట.”

షైలజకు సంగతి అర్థమైంది. వినపడనిది పాపకు. రాయించింది తండ్రి. షరతుకు ఆ తేడా ఏం తెలుసు? మాట కనబడింది, నంబరు తీసేసింది. ఆమె పాపను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, పరీక్ష అయ్యేదాకా అక్కడే నిలబడింది. వెళ్లేటప్పుడు మునిచంద్ర గొంతు తగ్గింది. “అరిసినానని ఏమనుకోవద్దమ్మా” అన్నాడు.

“నే చెప్తి గదా” అన్నాడు ప్రకాష్ బాబు. పాత జవాబే మళ్లీ పెట్టేద్దామా అనిపించింది షైలజకు. ఎందుకో ఆ మాటంతా నవనీతకు రాసింది. ఆమె వెంటనే బదులిచ్చింది.

“మాటలు చూసి మీరెందుకు ఊహించుకునేది? అడగండి. ఎట్ల మాట్లాడితే మీకు వీలు అని. నన్ను చూసినవాళ్లు గట్టిగా అరుస్తారు, లేదంటే పక్కన మా అమ్మతో మాట్లాడతారు. ఆ ఒక్క మాట నన్నెవరూ అడగలేదు.”

షైలజ మర్నాడే కొత్తగా మొదలుపెట్టింది. మెయిలు అందిన మరుక్షణమే ఒక ప్రశ్న వెళ్లేలా పెట్టింది, చదువు రానివాళ్లకైతే రాసిపెట్టినాయన ఇంకా పక్కనే ఉంటాడు కాబట్టి: మీతో ఫోన్లో మాట్లాడమంటారా, మెయిల్లో రాయమంటారా? ఫోన్ అంటే వాళ్లిచ్చిన నంబరుకు తనే ఫోన్ చేస్తుంది. మెయిలు అంటే వివరాలన్నీ రాసి వెళ్తాయి. ఏ బదులూ రాకపోతే నంబరూ వివరాలూ రెండూ వెళ్తాయి. ఈసారి ఊహ ఎక్కడా లేదు. జవాబులు గమనించిన ప్రకాష్ బాబు, “దీన్ని ఇట్లే ఉండనీ” అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదు.

డాక్టరు కుప్పం వెళ్లే రోజు షైలజ అడిగి మరీ ఆసుపత్రి వ్యానెక్కింది. అక్కడ ఎదురుపడిన నవనీత శాంతిపురంలో ఒక గ్రానైటు ఆఫీసులో కంప్యూటరు పని చేస్తుందట. తన గొంతు తనకు వినపడదు కనుక కొంచెం పెద్దగా మాట్లాడుతుంది. షైలజ చెప్పాలనుకున్నది ఫోనులో టైపు చేసి చూపిస్తే, ఆమె నోటితో బదులిచ్చింది. కుడి చెవికి మిషను పెడితే కొంత వినపడొచ్చని, ఎడమ చెవి మీద ఆశ లేదని డాక్టరు రాసి చూపించాడు. నవనీత ఆ కాగితం వంక కాసేపు చూసి, “కుడిదానికి ఎప్పుడు పెడతారు?” అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక షైలజ కొత్త జవాబులన్నీ ఆమెకు చూపించింది. నవనీత ఒక్కొక్కటే చదివి ఒక చోట వేలు పెట్టింది.

“ఈ ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అనేది ఎవరు రాసింది? మన పక్క ఎవరన్నా ఇట్ల మాట్లాడతారా?”

‘మరేం పెట్టమంటారు?’ అని షైలజ టైపు చేసింది.

“తప్పు మాదే, ఈ పొద్దే సరి చేస్తాము అని పెట్టండి.”

షైలజ పాత వాక్యం చెరిపి ఆ మాటలే ఎక్కించింది. తర్వాతి జవాబు తెరిచి, ఇద్దరికీ కనబడేలా ఫోను మధ్యలో పట్టుకుంది.