మూలుగు మిగిలింది

ఇస్త్రీ బల్ల ముందు నిలబడాలంటే పెద్దావిడకు కాలు సహకరించడం ఏనాడో మానేసింది. నడుములో మొదలైన నొప్పి ఎడమ మడమ దాకా జివ్వున లాగేది. వెన్నుకు ఆపరేషన్ చేయించినా వదల్లేదు. దాంతో దుకాణంలో ఇస్త్రీపెట్టె కోడలి చేతికి, స్టూలు అత్తగారికి వచ్చాయి. స్టూలు మీద కూర్చుని బట్టలు మడతపెట్టడం ఆవిడ దృష్టిలో పనే కాదు. పైగా కోడలు కాలరు తిరగేసి రుద్దదు. అది చూస్తూ ఊరుకోవడం కాలినొప్పిని మించిన నొప్పి.

అందుకే డాక్టరమ్మ కొత్త వైద్యం గురించి చెప్పగానే సరేనంది. వెన్నుపూస పక్కన దారంలాంటి తీగ పెట్టారు. దానికి లోపల బ్యాటరీ లేదు. నడుముకు కట్టుకున్న బెల్టులోంచి, మధ్యలో ఏ వైరూ లేకుండానే కరెంటు అందుతుంది. నొప్పి కబురు మోసే నరానికి అది అడ్డం పడుతుంది.

"వారం చూద్దాం. సగమైనా తగ్గకపోతే తీసేద్దాం," అంది డాక్టరమ్మ.

వారమంతా ఆవిడ మూలుగుతూనే ఉంది. లేస్తే "అబ్బా", కూర్చుంటే "అమ్మా", వంగితే రెండూ.

"ఇంక తీయించేద్దాం అత్తయ్యా," అంది కోడలు, ఆస్పత్రికి వెళ్తూ. పెద్దావిడ ఇక జన్మంతా స్టూలే అనుకుంది.

"నొప్పి ఉందా?" అడిగింది డాక్టరమ్మ.

"ఉందమ్మా."

"ఎక్కడ?"

ఆవిడ తొడ నొక్కింది. పిక్క నొక్కింది. మడమ దాకా వెళ్లి, కొంగు ముడిలో తాళంచెవి కనపడనట్టు మళ్లీ పైనుంచి తడిమింది.

"ఇక్కడే ఉండాలే..."

"సరిగ్గా చూడండత్తయ్యా, ఎక్కడ పెట్టి మరిచిపోయారో!"

"ఉండవే, వెతకనీ. మడమలో చీమలు పాకినట్టు కాస్త ఉంది."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "నిన్న ఏం పని చేశారు?"

"ఏముందీ? ఇది బట్టలివ్వడానికి వెళ్తే, కుప్పలా ఉన్న దుప్పట్లు ఇస్త్రీ చేశాను."

"కూర్చునా?"

"కూర్చుని దుప్పటి ఎలా చేస్తారమ్మా?" అని కసిరి, చప్పున ఆగిపోయింది. కుప్పంతా అయ్యేదాకా నిలబడే ఉంది!

"మరి వారమంతా ఆ మూలుగేంటత్తయ్యా?" కోడలు నోరు తెరిచింది.

"నోటికి ఇంకా కబురు అందలేదేమోనే."

తీగ ఉండిపోయింది. స్టూలు మూలకు పోయి దాని మీద నీళ్ల సీసా చేరింది. మూలుగు కూడా మెల్లగా సన్నగిల్లి, ఒకరోజు పూర్తిగా మాయమైంది.

ఆ రోజే కోడలు దుకాణం వెనక గదిలో ఫోన్లో తల్లితో మాట్లాడుతోంది. "కాలరు తిరగేయమని ఒకటే నస అమ్మా! ఈవిడ కాలు బాగుపడిందేమో గానీ నా ప్రాణం..." అంటూ ఇటు తిరిగి కెవ్వుమంది. గుమ్మంలో అత్తగారు.

"అబ్బా అనకుండా వస్తే ఎలా అత్తయ్యా! గుండె ఆగిపోయింది."

"రేపట్నుంచి దగ్గి వస్తాలే. ఆపావేం, చెప్పు మీ అమ్మకి," అంటూ పెద్దావిడ వంగి, కింద ఉన్న మూట రెండు చేతులా ఎత్తుకుంది. "నేను కులాసాగా ఉన్నానని కూడా చెప్పు."

ముందు గదిలో ఇస్త్రీపెట్టె వేడెక్కి ఉంది. ఆవిడ ఓ చొక్కా బల్ల మీద పరిచి, కాలరు తిరగేసింది.