కడగనివ్వని క్యూవెట్

నేను ఒక క్యూవెట్‌ని. పేరు విని కంగారుపడకండి, చూపుడువేలంత నలుపలకల గాజు పాత్రను. కొలిమిలో కరిగి, రాపిడికి ఓర్చి, కోస్తాలోని ఒక కాలేజీ రసాయనశాలకు చేరాను. నాలో ద్రావణం పోసి, కాంతి పంపి, రంగు ఎంత వేగంగా పోతోందో కొలుస్తారు.

నన్ను ఎక్కువగా వాడింది మణిమాల. ఊదారంగు ద్రావణంలో క్షారం కలిపితే రంగు చకచకా పోతుంది. అందులో సబ్బు పదార్థం వేస్తే, దాని అణువులు గుంపుకట్టి రంగును తమలో దాచుకుంటాయి, క్షారాన్ని దగ్గరికి రానివ్వవు. రంగు పోవడం ఎంత నెమ్మదిస్తుందో తేల్చడమే ఆమె పరిశోధన. ఏళ్ల తరబడి తిండీ నిద్రా మాని నాతో కూర్చుంది పాపం. ఇక డాక్టరేట్ పరీక్ష ఒక్కటే మిగిలింది. పైఊరి నుంచి వచ్చే పరీక్షకుడు ప్రయోగం కళ్లారా చూస్తానన్నాడు.

దసరా సెలవుల ముందు ల్యాబులో ఆయుధపూజ. ఆమె గైడు గోపాలాచార్యులుగారు నన్ను స్వయంగా సబ్బునురగలో ముంచి, నాలుగంటే నాలుగు నీటిచుక్కలు చిలకరించి, పట్టుపంచె చెంగుతో తుడిచి బొట్టు పెట్టారు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, జీవితమంతా సబ్బు మీద పాఠాలు చెప్పిన మనిషి సబ్బునే మరిచిపోయారు. ఆ సబ్బు పొర నా లోపల అలాగే ఎండిపోయింది.

సెలవులయ్యాక పరీక్ష రోజు మణిమాల నన్ను అందుకోబోయింది.

"ఒక్కసారి నీళ్లతో కడిగి ఇస్తానండి, సార్."

"పూజ చేసినదాన్ని మళ్లీ కడుగుతావేంటమ్మా, అపచారం. మొదటిది నేనే పోస్తాను, శుభం జరుగుతుంది," అన్నారు ఆచార్యులు.

మహా శుభం జరిగింది! సబ్బు వెయ్యని ద్రావణంలో కూడా రంగు నత్తనడకనే పోయింది. సబ్బు వేసినదానికీ దీనికీ తేడా లేదు. పరీక్షకుడు పెదవి విరిచాడు.

"లోపల సబ్బు ఉండిపోయిందేమోనండి. ఎవరు కడిగారు?" అంది మణిమాల.

నన్ను కడిగిన ఆచార్యులు గుప్పిట మూసి నన్ను దాచేశారు. పరీక్ష చూడవచ్చిన లెక్చరర్లంతా ఆయన చుట్టూ చేరారు.

"పని చేతకాక గురువుగారి మీద తోసేస్తోందండి," అన్నాడొకడు.

కడిగి మళ్లీ చూపిస్తానన్నా ఎవరూ వినలేదు. మణిమాలకు డాక్టరేట్ రాలేదు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆ రోజు అందరూ వెళ్లాక ఆచార్యులు నన్ను కుళాయి కింద పెట్టాడు. ఇక ఆయన్ని 'గారు' అనలేను. మళ్లీ మళ్లీ కడిగాడు, అపచారం గుర్తు రాలేదు. తర్వాత సబ్బు లేని ఊదారంగు ద్రావణం, క్షారం పోశాడు. మణిమాల చెప్పినట్టే రంగు చకచకా పోయింది. నన్ను తుడిచి, బొట్టు పెట్టి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు.